ట్రాన్సాక్షన్ అంకె పెద్దదైతే డేటాబేస్ మంచిదేనా? రాయగడ హోల్‌సేల్ బిల్లింగ్ కోసం సలహా కావాలి

నాగావళి_ఒడ్డు (రాయగడ)

అందరికీ నమస్కారం. ఇక్కడ ఒక కిరాణా హోల్‌సేల్ కుటుంబానికి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చూస్తుంటాను. రాయగడలో రెండు కౌంటర్లు, గుణుపురంలో ఒకటి, మునిగుడలో ఒకటి, సరిహద్దు అవతల పార్వతీపురంలో గిడ్డంగి. సరుకు రాష్ట్రం దాటితే ఐజీఎస్టీ, దాటకపోతే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ. ఆ పద్దులన్నీ ఒకే సర్వర్‌లో పడతాయి. ప్రస్తుతం మైఎస్‌క్యూఎల్ మీద నడుస్తోంది. మెషీన్ పాతబడింది, కొత్తది కొంటున్నాం. పనిలో పనిగా డేటాబేస్ కూడా మార్చాలా అన్నది ప్రశ్న.

షావుకారుగారి మేనల్లుడు ఒక కంపెనీ కరపత్రం తెచ్చాడు. సెకనుకు లక్షల ట్రాన్సాక్షన్లట, అంటే పూర్తయితే మొత్తం పూర్తవ్వాలి, లేకపోతే అసలేమీ జరగకూడదన్న పనుల కట్టలు. పక్కనే ఎర్ర రంగు కడ్డీలతో పటం, అందులో వాళ్ల కడ్డీ ఆకాశంలో, మిగతావన్నీ నేల మీద. షావుకారుగారు ఒకటే అన్నారు: "ఎవరి అంకె పెద్దదో వాళ్లది తెచ్చేయ్."

నేను ఖాళీ మెషీన్ మీద పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్‌ను పీజీబెంచ్‌తో, మైఎస్‌క్యూఎల్‌ను సిస్‌బెంచ్‌తో నడిపి చూశాను, ఆ రెండూ వేగం కొలిచే సాధనాలు. రెండు అంకెలకూ పొంతన లేదు. హ్యామర్‌డీబీ అనే మరో సాధనం మూడో రకం అంకె ఇచ్చింది, అది నిమిషాల లెక్క. వీటిలో దేన్ని చూపించి షావుకారుగారితో మాట్లాడాలి?

బరంపురం_బైట్

అంకెలు తర్వాత. ముందు చెప్పండి: పీజీబెంచ్ స్కేల్ (పరీక్ష డేటా సైజు) ఎంత, క్లయింట్లు (ఒకేసారి పనిచేసే కృత్రిమ వాడుకరులు) ఎంతమంది, ఎంతసేపు నడిపారు? డిస్కు ఏ రకం?

నాగావళి_ఒడ్డు (రాయగడ)

స్కేల్ దానంతట అది పెట్టుకున్నదే, అంటే ఒకటి. క్లయింట్లు 16. నడక పది సెకన్లు. సిస్‌బెంచ్‌లో ఓఎల్‌టీపీ రీడ్-రైట్ (చదవడం, రాయడం కలిసిన) పరీక్ష, అదీ 16 థ్రెడ్లతోనే, అంటే ఒకేసారి 16 మంది వాడినట్టు. డిస్కు మామూలు డెస్క్‌టాప్ ఎస్‌ఎస్‌డీ. రెండు డేటాబేసుల్లోనూ సెట్టింగులు ఏవీ ముట్టుకోలేదు.

పర్లాకిమిడి_పాతకాపు

బాబూ, నేను బ్యాంకు కంప్యూటర్ విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. కొంచెం పాత కథ చెప్పకపోతే ఈ చిక్కు విడదు.

1985 ఏప్రిల్ 1న డేటామేషన్ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. రాసినవాళ్ల పేర్లు వేయలేదు, 'అజ్ఞాత రచయిత, మరికొందరు' అని మాత్రం ఉంది. దాని వెనుక ఉన్నది జిమ్ గ్రే. ట్రాన్సాక్షన్ల మీద చేసిన కృషికి 1998లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న మనిషి. ఆ వ్యాసంలో డెబిట్-క్రెడిట్ అనే పరీక్ష ఉంది. ఖాతాదారుడు బ్యాంకుకు వచ్చి డబ్బు కట్టడమో తీయడమో చేస్తాడు. ఖాతా నిల్వ మారాలి, టెల్లర్ నగదు మారాలి, బ్రాంచి మొత్తం మారాలి, చరిత్ర పట్టికలో ఒక వరుస చేరాలి. ఇంతే. నూటికి తొంభై అయిదు సందర్భాల్లో జవాబు ఒక్క సెకనులోపు రావాలని కూడా షరతు.

అమ్మకందార్లు ఊరుకుంటారా? టెర్మినళ్లు తీసేశారు, నెట్‌వర్క్ తీసేశారు, తమకు అడ్డమైన షరతు ఏదైనా సరే తీసేశారు. మిగిలిన అస్థిపంజరాన్ని నడిపి పెద్ద అంకెలు ప్రకటించుకున్నారు. ఈ గోల పడలేకే 1988లో ట్రాన్సాక్షన్ ప్రాసెసింగ్ పెర్ఫార్మెన్స్ కౌన్సిల్ పుట్టింది. అదే టీపీసీ. 1989లో టీపీసీ-ఏ, 1990లో టెర్మినళ్లు లేని టీపీసీ-బీ, 1992లో టీపీసీ-సీ. ఏ, బీ రెండింటినీ 1995లో విరమించారు.

మీరు నడిపిన పీజీబెంచ్ ఆ విరమించిన టీపీసీ-బీని పోలిన పరీక్ష. టీపీసీ-బీ అని చెప్పుకునే హక్కు దానికి లేదు, చెప్పుకోదు కూడా. దానిలో ఒక ట్రాన్సాక్షన్ అంటే మొదలు, ముగింపు పోగా అయిదు ఎస్‌క్యూఎల్ వాక్యాలు, అంటే డేటాబేస్‌కు ఇచ్చే ఆదేశాలు. సిస్‌బెంచ్ రీడ్-రైట్‌లో ఒక ట్రాన్సాక్షన్ అంటే చదివేవి 14, రాసేవి 4, మొదలు ముగింపు కలిపి 20. ఇక పొంతన ఎక్కడినుంచి వస్తుంది? ఇది బస్తాల లెక్కనూ కిలోల లెక్కనూ పక్కపక్కన పెట్టి ఏది ఎక్కువని అడగడం.

బరంపురం_బైట్

పాతకాపుగారు చెప్పినదానికి ఒక చేర్పు. స్కేల్ ఒకటి అంటే ఖాతాలు లక్ష, టెల్లర్లు 10, బ్రాంచి ఒకే ఒక్కటి. ప్రతి ట్రాన్సాక్షన్ ఆ ఒక్క బ్రాంచి వరుసను మార్చి తీరాలి. 16 మంది క్లయింట్లలో ఒకరు ఆ వరుస మీద తాళం వేసుకుని, కమిట్ (ఇక మార్పు ఖాయమన్న ముద్ర) డిస్కుకు చేరేదాకా పట్టుకుని ఉంటారు. మిగతా పదిహేనుమందీ నిలబడి చూస్తుంటారు. కాబట్టి మీకు వచ్చిన అంకె ఆ ఒక్క వరుస ముందు క్యూ ఎంత వేగంగా కదిలిందో చెబుతుంది. పోస్ట్‌గ్రెస్ సత్తా ఎంతో దానివల్ల తెలియదు. స్కేల్ కనీసం క్లయింట్ల సంఖ్యతో సమానంగా ఉండాలని పీజీబెంచ్ పత్రాల్లోనే రాసి ఉంది. కొద్ది సెకన్లు మాత్రమే నడిచిన ఏ పరీక్షనూ నమ్మవద్దని కూడా అక్కడే ఉంది.

ఇంకో సంగతి. సెట్టింగులు ముట్టుకోకపోవడం న్యాయంగా కనబడుతుంది గానీ కాదు. డేటాను మెమరీలో ఉంచుకునే చోట్లు, అంటే పోస్ట్‌గ్రెస్ షేర్డ్ బఫర్లు, ఇన్నోడీబీ (మైఎస్‌క్యూఎల్‌లో డేటా దాచే భాగం) బఫర్ పూల్, రెండూ పుట్టుకతో 128 మెగాబైట్లే. పోస్ట్‌గ్రెస్ ఆపరేటింగ్ సిస్టమ్ క్యాష్ (మెమరీలో తాత్కాలికంగా దాచుకునే చోటు) మీద చాలా ఆధారపడుతుంది. ఇన్నోడీబీని డైరెక్ట్ పద్ధతిలో (ఆ క్యాష్‌ను దాటి నేరుగా డిస్కుకు) పెడితే ఆ ఆసరా ఉండదు. మీ కొత్త మెషీన్‌లో 32 గిగాబైట్ల మెమరీ ఉంటే, రెండింటికీ తగినంత పంచి ఇచ్చాకే పోటీ పెట్టాలి.

ప్రాణహిత_తీరం (సిరొంచ)

గడ్చిరోలి జిల్లా నుంచి నమస్కారం. మిల్లులకు, ధాన్యం వ్యాపారులకు సర్వర్లు పెట్టిస్తుంటాను. ఇక్కడ వాన పడితే కరెంటు, రోడ్డు, సిగ్నల్ మూడూ కలిసి పోతాయి. అందుకని నేను అంకె చూడను, ముందు కమిట్ చూస్తాను.

ఒక చిన్న లెక్క చెబుతాను. నిమిషానికి 7200 చుట్లు తిరిగే హార్డ్ డిస్కు సెకనుకు 120 చుట్లు తిరుగుతుంది. ఒక్క క్లయింట్ వరుసగా కమిట్ చేస్తూ పోతే, ప్రతి కమిట్‌కూ లాగ్ (మార్పుల చిట్టా) నిజంగా పళ్లెం మీద పడాలంటే, సుమారుగా చుట్టుకు ఒకటి. అంటే సెకనుకు 120 దాటదు. ఆ డిస్కు మీద ఒక్క క్లయింట్‌తో వేలల్లో వచ్చిందంటే ఎవరో అబద్ధం చెబుతున్నట్టే. డిస్కు తన క్యాష్‌లో వేసుకుని "రాసేశాను" అని చెప్పి ఉండాలి, లేదా డేటాబేస్ సెట్టింగ్ రాయకుండానే "కమిట్ అయింది" అని చెప్పి ఉండాలి. చాలామంది క్లయింట్లు ఉంటే సంగతి వేరు. ఒకే ఫ్లష్‌లో (డిస్కుకు నెట్టడంలో) పదిమంది కమిట్లు కలిసి వెళ్తాయి, దాన్ని గ్రూప్ కమిట్ అంటారు. అది మోసం కాదు, తెలివి.

మైఎస్‌క్యూఎల్‌లో 'ఇన్నోడీబీ ఫ్లష్ లాగ్ ఎట్ టీఆర్‌ఎక్స్ కమిట్' విలువ 1 ఉంటే ప్రతి కమిట్‌కూ లాగ్ డిస్కుకు చేరుతుంది. 2 పెడితే ఆపరేటింగ్ సిస్టమ్ దాకా చేరుతుంది, డిస్కుకు సుమారు సెకనుకు ఒకసారి వెళ్తుంది. కరెంటు పోతే ఆ సెకను బిల్లులు గల్లంతు. పోస్ట్‌గ్రెస్‌లో సింక్రోనస్ కమిట్ (లాగ్ డిస్కుకు చేరేదాకా ఆగే సెట్టింగ్) ఆపేసినా ఇదే రకం ప్రమాదం, చివరి క్షణాల కమిట్లు పోతాయి, కానీ డేటాబేస్ పాడవదు. ఎఫ్‌సింక్ (డిస్కు మీద నిజంగా రాయించే ఆదేశం) ఆపేస్తే మాత్రం మొత్తం డేటాబేసే లేవకపోవచ్చు. అంకె పెంచడానికి ఎఫ్‌సింక్ ఆపేవాళ్లను నేను చూశాను. వాళ్లతో నాకు మాటల్లేవు.

ఆ కరపత్రం కంపెనీని ఇది అడగండి: ఆ లక్షల అంకె వచ్చినప్పుడు కమిట్ ఎక్కడిదాకా చేరింది?

జయపురం_జోరు

ఇంత తల బద్దలు కొట్టుకోవడం ఎందుకండీ? టీపీసీ-సీ అధికారిక జాబితా ఉంది కదా. ఆడిటర్ సంతకం పెట్టిన అంకెలు. 2020లో ఓషన్‌బేస్ అనే డేటాబేస్ 70.7 కోట్ల టీపీఎంసీ (ఆ పరీక్ష కొలత) చూపించింది. 2010లో ఒరాకిల్ స్పార్క్ క్లస్టర్ (కలిపి నడిపే యంత్రాల గుంపు) మీద 3.02 కోట్లు. పై వరుసలో ఉన్నదాన్ని ఎంచుకుంటే అయిపోతుంది. మన సొంత పరీక్షలన్నీ కాకిలెక్కలే.

పర్లాకిమిడి_పాతకాపు

తమ్ముడూ, ఆ జాబితా నిజాయతీగలది, ఒప్పుకుంటాను. పరీక్షకు నిలబెట్టిన యంత్రాలు ఏవో, సెట్టింగులు ఏవో, ఒక్కో కేబుల్ ధరతో సహా పూర్తి నివేదిక బయటపెట్టాలి. నాకు అందులో నచ్చేది అదే. అయితే ఆ అంకె ఏమి కొలిచిందో చూడు.

టీపీసీ-సీ ఒక టోకు సరఫరా కంపెనీ కథ. గిడ్డంగులు, ఒక్కో గిడ్డంగికి 10 జిల్లాలు, జిల్లాకు 3,000 మంది ఖాతాదార్లు, లక్ష రకాల సరుకులు. పట్టికలు తొమ్మిది, ట్రాన్సాక్షన్లు అయిదు: కొత్త ఆర్డరు, చెల్లింపు, ఆర్డరు స్థితి, డెలివరీ, నిల్వ తనిఖీ. చెల్లింపులు కనీసం 43 శాతం, చివరి మూడూ తలా 4 శాతానికి తగ్గకూడదు. మిగిలిన సుమారు 45 శాతమే కొత్త ఆర్డర్లు. టీపీఎంసీ అంటే నిమిషానికి పూర్తయిన కొత్త ఆర్డర్లు మాత్రమే. మిగతావి నడుస్తూ ఉండాలి, లెక్కలోకి రావు.

అసలు కిటుకు ఇక్కడుంది. టెర్మినల్ ముందు మనిషి ఉన్నాడని పరీక్ష నమ్ముతుంది. కొత్త ఆర్డరు టైపు చేయడానికి 18 సెకన్లు, ఆ తర్వాత ఆలోచించుకోవడానికి సగటున 12 సెకన్లు ఇవ్వాలి. గిడ్డంగికి టెర్మినళ్లు పదే. ఈ షరతులతో ఒక గిడ్డంగి నుంచి 12.86 టీపీఎంసీకి మించి రాదు, ఎంత మహా యంత్రమైనా సరే. పెద్ద అంకె కావాలంటే గిడ్డంగులు పెంచక తప్పదు. పది లక్షల టీపీఎంసీకి 77 వేలకు పైగా గిడ్డంగులు. ఒక్కోటి సుమారు 100 మెగాబైట్లు అనుకున్నా ఏడు టెరాబైట్లు దాటుతుంది. నువ్వు చెప్పిన 70.7 కోట్లకు అయిదున్నర కోట్ల గిడ్డంగులు కావాలి. గిడ్డంగికి 30 వేల ఖాతాదార్లు. గుణించి చూడు, భూమి మీద జనాభాకు రెండు వందల రెట్లు!

రాయగడ షావుకారుగారికి అంతమంది ఖాతాదార్లు వస్తే సంతోషమే. ఒక్కో యంత్రం ఎంత చేస్తుందో ఆ అంకె నేరుగా చెప్పదు. అన్ని యంత్రాలను కలిపి ఒకటిగా నడిపించగలిగారని చెబుతుంది. అది గొప్ప విద్యే, కానీ నాలుగు కౌంటర్ల దుకాణానికి కావలసిన విద్య అది కాదు.

ధర కూడా చూడాలి. నువ్వు చెప్పిన 2010 ఫలితంలో ఒక్కో టీపీఎంసీ ఖరీదు 1.01 డాలర్. మొత్తం బిల్లు మూడు కోట్ల డాలర్లు దాటింది.

జయపురం_జోరు

సరే, ఒప్పుకున్నాను. మరి హ్యామర్‌డీబీ కూడా గిడ్డంగులే కదా? దానిలో నా లాప్‌టాప్ మీదే లక్షలు వస్తున్నాయి!

బరంపురం_బైట్

వస్తాయి. హ్యామర్‌డీబీలో టైపు చేసే సమయం, ఆలోచించే సమయం మామూలుగా ఉండవు. ఒక్కో కృత్రిమ వాడుకరి ఊపిరి తీసుకోకుండా ఆర్డర్లు వేస్తూ పోతాడు. కొద్ది గిడ్డంగులు, మొత్తం డేటా మెమరీలోనే. అది ప్రాసెసర్‌ను, తాళాల పద్ధతిని బాగా పరీక్షిస్తుంది, అంతవరకు మంచి సాధనమే. దాన్ని తయారుచేసినవాళ్లే పేరు కూడా టీప్రాక్-సీ అని వేరుగా పెట్టుకున్నారు, ఆ అంకెలను టీపీఎంసీతో పోల్చవద్దని స్పష్టంగా చెబుతారు.

దానిలో రెండు అంకెలు కనబడతాయి. టీపీఎం అన్నది ఆయా డేటాబేస్ తన లోపల లెక్కపెట్టుకునే కమిట్లది. ఒక్కో డేటాబేస్ లెక్క ఒక్కో తీరు కాబట్టి ఒకదానితో ఒకటి పోల్చకూడదు. ఎన్‌ఓపీఎం అన్నది పట్టికలో నిజంగా చేరిన కొత్త ఆర్డర్లను బట్టి వస్తుంది. పోస్ట్‌గ్రెస్‌కూ మైఎస్‌క్యూఎల్‌కూ మధ్య పోల్చాలంటే అది ఒక్కటే పనికొస్తుంది.

జయపురం_జోరు

ఇంకొక అనుమానం. పెద్ద కంపెనీల డేటాబేసులను పక్కపక్కన పెట్టి కొలిచిన వ్యాసాలు చాలా అరుదు. కొన్నిటిలో 'డేటాబేస్ ఏ', 'డేటాబేస్ బీ' అని ముసుగు వేసి రాస్తారు. ఎందుకు?

పర్లాకిమిడి_పాతకాపు

లైసెన్సు షరతు. మా అనుమతి లేకుండా బెంచ్‌మార్క్ (వేగం పరీక్ష) ఫలితాలు ప్రచురించకూడదని అందులో ఒక నిబంధన ఉంటుంది. దానికి డేవిట్ క్లాజ్ అని పేరు. డేవిడ్ డేవిట్ అనే ప్రొఫెసర్ విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో 1980ల మొదట్లో ఒక బెంచ్‌మార్క్ తయారుచేసి, ఏ డేటాబేస్‌కు ఎంత వచ్చిందో పేర్లతో సహా వెల్లడించాడు. అందులో ఒరాకిల్‌కు మంచి అంకెలు రాలేదు. ఆ తర్వాత వచ్చినవే ఈ నిబంధనలు. ఓపెన్ సోర్స్ పోస్ట్‌గ్రెస్‌కు ఆ బెడద లేదు. ఎవరైనా కొలవవచ్చు, ఎవరైనా తిట్టవచ్చు.

నాగావళి_ఒడ్డు (రాయగడ)

చాలా విషయాలు తెలిశాయి. నాకు పట్టుకున్న అసలు సమస్య ఇది. సంత రోజు సాయంత్రం నాలుగు కౌంటర్లూ కలిపి నిమిషానికి వంద బిల్లులు దాటవు. అంటే సెకనుకు రెండు కూడా కాదు. లక్షలతో నాకు పని లేదని అర్థమైంది. కానీ ఇప్పుడున్న వ్యవస్థ ఆ రెండు బిల్లులకే అప్పుడప్పుడు బిగుసుకుపోతోంది. ఒక కౌంటర్‌లో బిల్లు తెరిచి ఉంచితే పక్క కౌంటర్ ఆగిపోతుంది. డేటాబేస్ మారిస్తే ఇది పోతుందా?

ప్రాణహిత_తీరం (సిరొంచ)

బిల్లు నంబరు ఎలా ఇస్తున్నారు?

నాగావళి_ఒడ్డు (రాయగడ)

ఒక పట్టికలో ఒకే వరుస. 'తర్వాతి నంబరు' అని. బిల్లు మొదలుపెట్టగానే ఆ వరుసకు తాళం వేసి నంబరు తీసుకుంటాం, బిల్లు ముగిశాక కమిట్. మధ్యలో నంబరు తప్పిపోతే ఆడిటర్ ఊరుకోడు.

ప్రాణహిత_తీరం (సిరొంచ)

దొరికింది. అన్నయ్యా, మీ జబ్బు టీపీసీ-సీలో అచ్చంగా ఉంది. దానిలో జిల్లా పట్టికలో ప్రతి జిల్లాకూ 'తర్వాతి ఆర్డరు నంబరు' అని ఒక గడి ఉంటుంది. కొత్త ఆర్డరు వచ్చిన ప్రతిసారీ ఆ గడి చదివి, ఒకటి పెంచి రాయాలి. ఆ జిల్లాలో ఆర్డర్లన్నీ ఆ ఒక్క వరుస దగ్గర వరుసకట్టక తప్పదు. పైగా నూటికి ఒక ఆర్డరులో కావాలనే లేని సరుకు నంబరు ఇస్తారు, అది వెనక్కి పోవాలి, అయినా నంబర్లలో ఖాళీ పడకూడదు. పరీక్ష ముగిశాక సరిచూస్తారు: జిల్లా వరుసలోని తర్వాతి నంబరులో ఒకటి తీసేస్తే, ఆర్డర్ల పట్టికలోని అతి పెద్ద నంబరుతో సరిపోవాలి. మీ ఆడిటర్ అడిగేదీ అదే కదా!

డేటాబేస్ తానే వరుస నంబర్లు ఇచ్చే సీక్వెన్సులు, ఆటో ఇంక్రిమెంట్లు ఇక్కడ పనికిరావు. ట్రాన్సాక్షన్ వెనక్కి పోయినా అవి ఇచ్చిన నంబరు వెనక్కి తీసుకోవు, మధ్యలో ఖాళీ పడుతుంది. వరుస తాళమే సరైన దారి. తాళం ఎంతసేపు అన్నదే చూసుకోవాలి. మీరు బిల్లు తెరిచినప్పుడు వేసి ముగించినప్పుడు తీస్తున్నారు, మధ్యలో గుమాస్తా చక్కెర బస్తాలు లెక్కపెడుతుంటాడు. సరుకులన్నీ ఎక్కించాక, 'ముద్రించు' నొక్కినప్పుడు ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, నంబరు తీసుకోవడాన్ని వీలైనంత చివరకు నెట్టండి. మనిషి చేతి వేగం తాళం లోపల ఉండకూడదు.

రెండోది, జీఎస్టీ నియమం 46 ప్రకారం బిల్లు నంబరు వరుసగా ఉండాలి, 16 అక్షరాలు మించకూడదు, ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదు. కానీ ఒకటికి మించిన శ్రేణులు పెట్టుకోవడానికి అనుమతి ఉంది. కౌంటర్‌కు ఒక శ్రేణి ఇవ్వండి. గుణుపురానికి ఒకటి, మునిగుడకు ఒకటి. టీపీసీ-సీ జిల్లాలుగా విడగొట్టింది కూడా ఇలాగే. ఒక్క తాళం నాలుగు తాళాలవుతుంది, ఒకరి జోలికి ఒకరు రారు.

ఇవి మార్చకుండా ఏ డేటాబేస్ తెచ్చినా ఇదే బిగింపు.

బరంపురం_బైట్

ఇంకో రెండు ముక్కలు. నిల్వ తగ్గించేటప్పుడు సరుకుల వరుసలను సరుకు నంబరు క్రమంలో తగ్గించండి. ఒక కౌంటర్ ముందు నూనె తర్వాత చక్కెర, ఇంకో కౌంటర్ ముందు చక్కెర తర్వాత నూనె పట్టుకుంటే డెడ్‌లాక్, ఒకరికోసం ఒకరు ఆగి ఇద్దరూ నిలిచిపోతారు.

నిల్వను ప్రోగ్రాములోకి చదువుకుని, తీసివేసి, మళ్లీ రాసే పద్ధతి ఉంటే అది కూడా చూసుకోండి. మైఎస్‌క్యూఎల్ మామూలు రిపీటబుల్ రీడ్ స్థాయిలో (ట్రాన్సాక్షన్లను ఒకదాని నుంచి ఒకటి వేరుచేసే మెట్టు ఇది) ఇద్దరు ఒకే నిల్వను చదివి రాస్తే రెండోవాడి రాత మొదటివాడిదాన్ని చప్పుడు లేకుండా తుడిచేస్తుంది. పోస్ట్‌గ్రెస్ అదే స్థాయిలో రెండోవాడిని తిప్పికొడుతుంది, మళ్లీ ప్రయత్నించమంటుంది. ఇప్పుడు బెంచ్‌మార్క్‌లో ఎవరిది వేగం? తుడిచేసినవాడి అంకె పెద్దదిగా కనబడుతుంది, నిల్వ తప్పు. అప్‌డేట్ వాక్యంలోనే తీసివేత రాస్తే రెండింటిలోనూ ఈ బాధ లేదు. పీజీబెంచ్ 15వ వెర్షన్ నుంచి తిప్పికొట్టిన వాటిని మళ్లీ ప్రయత్నించే సౌకర్యం ఉంది. దాన్ని వాడితే ఎన్నిసార్లు తిరిగి ప్రయత్నించాల్సి వచ్చిందో కూడా చూపిస్తుంది.

బల్లార్షా_బండి

చర్చ బాగుంది. నాది కొంచెం పక్కదారి. టీపీసీ-సీలో ఖాతాదార్ల ఇంటిపేర్లు ఎలా తయారవుతాయో తెలుసా? పది తుంపులు ఉంటాయి: బార్, ఆట్, ఏబుల్, ప్రై, ప్రెస్ ఇలా. సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెకు ఒకటి. మూడంకెల సంఖ్యను తీసుకుని అతికిస్తారు. 371 అయితే 'ప్రైక్యాలీఆట్'. వెయ్యి ఇంటిపేర్లు, జిల్లాకు మూడు వేలమంది, కాబట్టి పేరుతో వెతికితే సగటున ముగ్గురు వస్తారు, వాళ్లలో మధ్యవాణ్ణి పట్టుకోవాలి. చెల్లింపుల్లో 60 శాతం ఇలా పేరుతో వెతికేవే.

మా వైపు దుకాణాల్లో ఖాతాదార్ల పేర్లు మరాఠీలో, తెలుగులో. మీకు ఒడియా, తెలుగు. బెంచ్‌మార్కులన్నీ ఒక్కో అక్షరానికి ఒక బైటు తీసుకునే ఇంగ్లిషు అక్షరాలతో నిండి ఉంటాయి. యూటీఎఫ్-8 అనే అక్షర సంకేత పద్ధతిలో తెలుగు, ఒడియా, దేవనాగరి సంకేతం ఒక్కోటి మూడు బైట్లు. 'రాయగడ' అన్న పేరు 15 బైట్లు. ఇండెక్సు (వెతకడానికి వాడే సూచిక) లావెక్కుతుంది, అక్షర క్రమం పోల్చడం కూడా బరువే. పోస్ట్‌గ్రెస్‌లో భాషా క్రమం పెట్టుకుంటే, పేరు మొదటి అక్షరాలతో వెతికే 'లైక్' ప్రశ్నకు మామూలు ఇండెక్సు ఉపయోగపడదు, టెక్స్ట్ ప్యాటర్న్ ఆప్స్ తరహా ఇండెక్సు వేరే వేయాలి. మీ పరీక్షలో మీ పేర్లే ఉండాలి. ఖాతాదార్ల అసలు పేర్లు తీసేసి, అదే పొడవున్న ఒడియా, తెలుగు పేర్లు కల్పించి నింపండి. మా వైపు సగం మంది ఇంటిపేర్లు నాలుగైదే ఉంటాయి, ఆ ఎగుడుదిగుడు కూడా అలాగే ఉంచండి.

నాగావళి_ఒడ్డు (రాయగడ)

మా జాబితాలో సాహులు, పాత్రోలు, రావులు తీసేస్తే మిగిలేది కొద్దిమందే. బాగా గుర్తుచేశారు.

అయితే సొంత స్క్రిప్టు రాస్తాను. ఒక బిల్లు అంటే శీర్షిక వరుస ఒకటి, సరుకు వరుసలు సుమారు పది, అన్నిటికీ నిల్వ తగ్గింపు, ఖాతాదారు బాకీ, పన్ను పద్దు. చూస్తుంటే టీపీసీ-సీ కొత్త ఆర్డరుకు దగ్గరగానే ఉంది. దానిలో కూడా ఆర్డరుకు 5 నుంచి 15 సరుకులు కదా?

పర్లాకిమిడి_పాతకాపు

అవును, సగటున పది. దానిలో నూటికి ఒక సరుకు వేరే గిడ్డంగి నుంచి రావాలి. మీ పార్వతీపురం సరుకు ఆ నిష్పత్తి కన్నా ఎక్కువే ఉంటుంది, మీ పాత బిల్లుల్లోంచి లెక్క తీసి వేసుకోండి.

బరంపురం_బైట్

నడిపేటప్పుడు పూర్తి వేగంతో తోలవద్దు. పీజీబెంచ్‌లో రేటు కట్టడి ఉంది, సెకనుకు ఇన్ని అని చెప్పవచ్చు. సిస్‌బెంచ్‌లోనూ ఉంది. మీ సంత రోజు వేగం, దానికి అయిదు రెట్లు, ఇరవై రెట్లు ఇలా పెంచుతూ ఒక్కో మెట్టు దగ్గర ఆలస్యం చూడండి. సగటు చూడవద్దు, నూటికి తొంభై తొమ్మిదో స్థానం, అంటే వంద బిల్లుల్లో 99 ఎంతసేపటిలోపు ముగిశాయో చూడండి. గుమాస్తాకు సగటు కనబడదు. అతనికి గుర్తుండేది మనిషి ఎదురుగా నిలబడి ఉండగా స్క్రీన్ బిగుసుకున్న ఆ ఒక్కసారే. రేటు కట్టడి లేకుండా నడిపితే సర్వర్ ఆగినప్పుడు పరీక్ష కూడా ఆగి, ఆ కాసేపు రావలసిన బిల్లులు అసలు లెక్కలోకే రావు, ఆలస్యం తక్కువగా కనబడుతుంది.

కనీసం గంట నడపండి. చెక్‌పాయింట్లు (మెమరీలోని మార్పులను డిస్కులోకి దించే సమయాలు) ఒకటికి రెండుసార్లు రావాలి. మామూలు ఎస్‌ఎస్‌డీలలో వేగంగా రాసుకునే చిన్న భాగం ఒకటి ఉంటుంది, అది నిండాక అసలు వేగం బయటపడుతుంది. టీపీసీ-సీలో కొలత వ్యవధి రెండు గంటలు ఉంచింది ఊరికే కాదు.

ప్రాణహిత_తీరం (సిరొంచ)

దానితోపాటు ప్లగ్గు పీకండి. నవ్వవద్దు, టీపీసీ-సీలో కూడా నడుస్తున్న వ్యవస్థకు కరెంటు తీసేసి, కమిట్ అయినదంతా మిగిలిందో లేదో చూపించాలి.

పద్ధతి ఇది. దుకాణం సర్వర్ కాదు, వేరే మెషీన్. స్క్రిప్టును ఇంకో లాప్‌టాప్ నుంచి నడపండి. సర్వర్ "కమిట్ అయింది" అన్న ప్రతి బిల్లు నంబరునూ ఆ లాప్‌టాప్ తన ఫైలులో రాసుకోవాలి. స్క్రిప్టు ఉరుకుతుండగా సర్వర్ ప్లగ్గు గోడ దగ్గర పీకేయండి. లేచాక ఫైలులోని ప్రతి నంబరూ పట్టికలో ఉందా చూడండి. ఒక్కటి తగ్గినా ఆ అంకె పనికిరాదు. సగం రాసిన పేజీల నుంచి కాపాడేవి పోస్ట్‌గ్రెస్‌లో ఫుల్ పేజ్ రైట్స్, ఇన్నోడీబీలో డబుల్‌రైట్. వేగం కోసం వాటిని ఆపమని చెప్పే సలహాలు చాలా కనబడతాయి, చదివి వదిలేయండి.

నాగావళి_ఒడ్డు (రాయగడ)

ఆలస్యంగా వచ్చాను, క్షమించాలి. మజ్జిగౌరమ్మ జాతర రద్దీలో దుకాణం వదలడం కుదరలేదు.

బిల్లు నంబరును చివరకు జరిపి, కౌంటర్‌కు ఒక శ్రేణి పెట్టాం. పాత మెషీన్ మీదే బిగింపు పోయింది. షావుకారుగారికి ఇది నచ్చింది గానీ, "మరి ఇన్నాళ్లూ?" అని అడిగారు. జవాబు చెప్పకుండా టీ తెప్పించాను.

సొంత స్క్రిప్టును రెండు డేటాబేసుల మీదా ఒకే మెషీన్‌లో, రెండింటికీ సమానంగా మెమరీ ఇచ్చి, రెండింటిలోనూ కమిట్ డిస్కుదాకా చేరేలా నడిపాను. సంత రోజు వేగానికి ఇరవై రెట్లు దాకా రెండూ నిశ్చింతగా లాగాయి. వాటి మధ్య తేడా కన్నా, ఒకే డేటాబేస్‌లో ఫ్లష్ విలువ 1 నుంచి 2కు మార్చినప్పుడు వచ్చిన తేడా చాలా ఎక్కువ. ప్లగ్గు పరీక్షలో సెట్టింగులు సరిగా ఉన్నా పాత ఎస్‌ఎస్‌డీ మీద చివరి బిల్లులు కొన్ని కనబడలేదు. అంటే డిస్కే అబద్ధం చెప్పింది. కరెంటు పోయినా క్యాష్‌ను కాపాడుకునే కెపాసిటర్లు ఉన్న సర్వర్ ఎస్‌ఎస్‌డీ ఒకటి అరువు తెచ్చి మళ్లీ పీకాను. అన్నీ ఉన్నాయి.

మైఎస్‌క్యూఎల్‌లోనే ఉండిపోతున్నాం. డేటాబేస్ లైసెన్సు కోసం అనుకున్న డబ్బు ఆ రకం ఎస్‌ఎస్‌డీలు రెండింటికి, యూపీఎస్‌కు వెళ్తుంది.

కరపత్రం కంపెనీని కూడా అడిగాను: ట్రాన్సాక్షన్‌లో ఎన్ని వాక్యాలు, డేటా మెమరీకన్నా పెద్దదా చిన్నదా, కమిట్ ఎక్కడిదాకా? మొదటి రెండింటికీ జవాబు వచ్చింది. అవి ఒక్కో వాక్యం చదువులట, రాతలే లేవట, డేటా అంతా మెమరీలోనేనట. మూడోదానికి 'మా సాంకేతిక బృందం మిమ్మల్ని సంప్రదిస్తుంది' అన్నారు.

జయపురం_జోరు

రాతలు లేని ట్రాన్సాక్షన్లు! నేతి బీరకాయలో నెయ్యి అంత. ఆ స్క్రిప్టు ఇక్కడ పెట్టండి నాగావళిగారూ, మా జయపురంలో మందుల హోల్‌సేల్‌కు వాడుకుంటాను. బ్యాచి నంబరు, గడువు తేదీ మేం చేర్చుకుంటాం.

నాగావళి_ఒడ్డు (రాయగడ)

పేర్ల ఫైలు శుభ్రం చేసి ఆదివారం పెడతాను. తిరుగు సరుకు ట్రాన్సాక్షన్ ఇంకా రాయలేదు. క్రెడిట్ నోటుకు వేరే శ్రేణి పెట్టాలా, బిల్లు శ్రేణిలోనే కలపాలా?

ప్రాణహిత_తీరం (సిరొంచ)

వేరే శ్రేణి పెట్టండి. అందులో కూడా నిల్వ పెంచేటప్పుడు సరుకు నంబరు క్రమమే పాటించండి, లేకపోతే అమ్మకాలకూ తిరుగు సరుకుకూ మధ్య డెడ్‌లాక్ వస్తుంది.